వేట గేర్ లిస్ట్‌లోంచి తుపాకీ తీసేయండి, మిగతాది మనకే పనికొస్తుంది

తేలికపాటి ట్రెక్కింగ్ గేర్ గురించి యూట్యూబ్‌లో ఒక్కసారి సెర్చ్ చేసి చూడండి. రెండో రోజుకల్లా మీ ఫీడ్ నిండా కొలరాడో కొండలు, న్యూజిలాండ్ లోయలు, చిన్న తూకం మెషీన్ మీద రైఫిల్ పెట్టి గ్రాములు చదివే గడ్డాల అన్నలు. నిటారు కొండల్లో జింకల వేటకి వెళ్లేవాళ్ల ఛానళ్లు అవి. నేను వేటగాణ్ణి కాదు, కావాలనీ లేదు. కానీ రెండేళ్లుగా ఆ వీడియోలు తెగ చూస్తున్నాను. ఒక మాట ఒప్పుకోవాల్సిందే: వాళ్ల గేర్ రివ్యూలు మన ఫోన్ రివ్యూల కంటే చాలా నిజాయితీగా ఉంటాయి. మనం ఫోన్‌ని ఏసీ గదిలో టేబుల్ మీద పెట్టి "ప్రీమియం ఫీల్" అంటాం. వాళ్లు అదే వస్తువుని ఆరు గంటలు కొండెక్కించి, చెమటలో తడిపి, చలిలో పడుకోబెట్టి, ఆ తర్వాత మాట్లాడతారు. తేడా తెలిసిపోతుంది.

ముందుగా మన దేశం సంగతి క్లియర్‌గా చెప్పుకుందాం, ఎందుకంటే ఈ వీడియోలు చూసే కుర్రాళ్లలో కొందరికి డౌట్లు ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ జింక వేట నేరం. "ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు కదా బ్రో" అనే లాజిక్ పనిచేయదు. కొన్ని రకాల ఎయిర్ రైఫిళ్లకి ఆయుధ లైసెన్స్ అవసరం లేకపోవడం వేరు, దానితో జింకని కొట్టడం వేరు. ఇంకో విషయం చాలామందికి తెలీదు. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, ఇవన్నీ వేట కిందికే వస్తాయి. ప్రయత్నించినా సరే. అంటే రీల్ కోసం బైక్‌తో జింకల గుంపుని తరిమినవాడు "నేనేం చంపలేదు కదా" అని తప్పించుకోలేడు. సల్మాన్ ఖాన్ కృష్ణ జింకల కేసు 1998లో మొదలైంది, 2018లో శిక్ష పడింది. ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగడానికి మనకి అంత ఓపికా లేదు, అంత మంచి లాయర్లూ లేరు.

పైగా చుక్కల దుప్పి మన తెలంగాణ రాష్ట్ర జంతువు, 2014 నుంచి. ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణ జింక. రెండు రాష్ట్రాలూ జింకల్నే పెట్టుకున్నాయి.

కాబట్టి నా వాదన ఇది. కొండల్లో జింక దగ్గరికి చప్పుడు లేకుండా, అలసిపోకుండా, దాన్ని బెదరగొట్టకుండా ఎలా వెళ్లాలో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలోచించింది ఈ పర్వత వేటగాళ్లే. వాళ్ల లిస్ట్‌లోంచి రైఫిల్, స్కోప్, తూటాలు తీసేస్తే మూడు నాలుగు కిలోలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీలో ఏం పెట్టుకోవాలన్నదే ఈ ఆర్టికల్. మన గ్యాడ్జెట్ బ్యాచ్ ఇక్కడే డబ్బు తప్పుడు చోట పెడుతోందని నా అభిప్రాయం.

నాది గడ్డపోతారం. ఫార్మా ఫ్యాక్టరీల మధ్య పెరిగినోణ్ణి. మా దగ్గర అడవి అంటే కాజిపల్లి రిజర్వ్ ఫారెస్ట్, 2020లో హీరో ప్రభాస్ 1,650 ఎకరాలు దత్తత తీసుకున్నాడే, అదే. కాస్త దూరం పోతే నర్సాపూర్ అడవి. ఇవి మంచివే, కానీ నిటారు కొండలు కావు. జింకలు, కొండలు రెండూ ఒకేచోట కావాలంటే నల్లమల పోవాల్సిందే. సుల్తాన్‌పూర్ దగ్గర ఔటర్ ఎక్కి, తుక్కుగూడలో దిగి, శ్రీశైలం రోడ్డు పడితే మన్ననూర్. అక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, మొత్తం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. చుక్కల దుప్పి, కణుజు (సాంబార్ అంటారే అది), మొరిగే జింక ఉన్నాయి. హైదరాబాద్ జూలో పెంచి తెచ్చి వదిలిన మూషిక జింకలు కూడా ఉన్నాయి. కణుజు మగది రెండు వందల కిలోలు దాటుతుంది, మూషిక జింక మూడు కిలోలు. ఒకే షాపులో ఫోల్డబుల్ ట్యాబ్లెట్ నుంచి స్మార్ట్ వాచ్ దాకా అన్ని సైజులూ ఉన్నట్టు.

ముందు తూకం వేయండి

కోడ్ స్లోగా ఉంటే ఏం చేస్తాం? ముందు ప్రొఫైల్ చేస్తాం. ఏ ఫంక్షన్ టైం తింటోందో చూడకుండా ఆప్టిమైజ్ చేసేవాణ్ణి సీనియర్లు తిడతారు. బ్యాగ్ విషయంలో మాత్రం మనందరం అదే పని చేస్తాం. టైటానియం స్పూన్ కొంటాం, 19 గ్రాములు తగ్గిందని ఐఫోన్ 14 ప్రో నుంచి 15 ప్రోకి మారతాం (206 నుంచి 187), కానీ బ్యాగ్ మొత్తం బరువెంతో ఎవడికీ తెలీదు. మా ఊళ్లో వేబ్రిడ్జి ఎక్కకుండా ఫ్యాక్టరీ గేటు దాటే లారీ ఉండదు. మీ బ్యాగ్‌కి అంత మర్యాద కూడా ఇవ్వరా? వంటింటి డిజిటల్ త్రాసు చాలు, ఒక్కో వస్తువూ పెట్టి షీట్‌లో రాసుకోండి.

నా రూమ్‌మేట్ బ్యాగ్‌ని అలా తూచాం. డీఎస్ఎల్ఆర్, దానికి 150-600 లెన్స్ కలిపి 2.7 కిలోలు. ట్రైపాడ్ 1.5. కంపెనీ జాయినింగ్ కిట్‌లో ఇచ్చిన ల్యాప్‌టాప్ బ్యాగ్ 1.1. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 430 గ్రాములు. వేడి నీళ్లు వేడిగా ఉంచే స్టీల్ ఫ్లాస్క్ ఖాళీగానే అర కిలో. మొత్తం 6.2 కిలోలు, అందులో నీళ్లు ఒక్క లీటరు పోస్తే 7.2. ఏప్రిల్‌లో నల్లమలకి ఒక్క లీటరు నీళ్లు.

ఇప్పుడు బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ ఒకసారి బయటికి తీద్దాం. ఒక కిలోని 300 మీటర్లు పైకెత్తడానికి పట్టే శక్తి సుమారు 2,940 జౌల్స్. కండరాల ఎఫిషియెన్సీ 25 శాతం అనుకుంటే మన ఒంట్లో ఖర్చయ్యేది మూడు కిలో క్యాలరీల లోపే. పార్లే-జీ బిస్కెట్‌లో చిన్న ముక్క. 70 కిలోల మనిషి తన ఒంటిని అదే ఎత్తుకి తీసుకెళ్లడానికి రెండు వందల దాకా ఖర్చవుతాయి. లెక్క ఇలా ఉంటే గ్రాముల కోసం టూత్ బ్రష్ హ్యాండిల్ కోసేసే అల్ట్రాలైట్ భక్తుల్ని చూసి నవ్వొస్తుంది కదా.

నవ్వండి, కానీ పూర్తిగా కాదు. ఎక్కేటప్పుడు బరువు పెద్ద సమస్య కాదు. దిగేటప్పుడు సమస్య. మల్లెలతీర్థం దగ్గర మూడు వందల యాభై దాకా మెట్లు దిగాలి. సలేశ్వరం జాతరప్పుడు లోయలోకి దిగే దారి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రతి అడుగులో మోకాలు బ్రేక్ వేస్తుంది. వీపు మీద ఎత్తుగా ఊగే బ్యాగ్ ఉంటే రాయి మీద కాలు జారడానికి అర సెకను చాలు. ఇంకోటి, రెండున్నర కిలోల కెమెరా మెడలో ఉంచుకుని ఎవడూ నాలుగు గంటలు నడవడు. బ్యాగ్‌లో పెట్టేస్తాడు. దుప్పి మలుపులో ఎదురైనప్పుడు జిప్పు తీస్తాడు. జిప్పు చప్పుడుకి దుప్పి ఉండదు. కిలో కెమెరా అయితే చేతిలోనే ఉంటుంది. నా దృష్టిలో తేలిక గేర్‌కి ఉన్న అసలు విలువ క్యాలరీల్లో లేదు. వస్తువు బ్యాగ్‌లో ఉందా, చేతిలో ఉందా అన్నదాంట్లో ఉంది.

కెమెరా కంటే ముందు చెప్పులు

సైన్యాల పరిశోధనల నుంచి వచ్చిన పాత లెక్క ఒకటుంది. పాదాల మీద పెరిగిన ఒక కిలో, వీపు మీద దాదాపు ఐదు కిలోలు మోసినంత శ్రమ. ప్రతి అడుగుకీ దాన్ని ఎత్తి ముందుకు విసరాలి కాబట్టి. మనవాళ్లు "కొండ అంటే బూట్లే" అని జత 1.3 కిలోలుండే యాంకిల్ బూట్లు కొంటారు. మంచి గ్రిప్ ఉన్న ట్రెయిల్ షూ జత 650 గ్రాముల్లో దొరుకుతుంది. 650 గ్రాములు తగ్గిందంటే, వీపు మీద మూడు కిలోలు దించినట్టే. కెమెరా మార్చడానికి అరవై వేలు పెట్టే ముందు ఐదారు వేల షూ గురించి ఆలోచించండి. నల్లమలలో ముళ్లు ఎక్కువ, పాములున్నాయి, అందుకే షూ తేలికైనా సాక్స్ మందంగా, ప్యాంటు పొడుగ్గా ఉండాలి. షార్ట్స్ వేసుకుని వచ్చేవాళ్లకి నా దగ్గర సలహా లేదు.

ట్రెక్కింగ్ స్టిక్ ఒకటి, 230 గ్రాములు. ఇది వేటగాళ్ల నుంచి నేరుగా కొట్టేసిన ఐడియా. వాళ్లు రెండు కర్రల్ని ఎక్స్ ఆకారంలో పెట్టి రైఫిల్ ఆనిస్తారు. మనం ఒక కర్ర మీద కెమెరా ఆనిస్తే మోనోపాడ్. కిలోన్నర ట్రైపాడ్ ఇంట్లో వదిలేయొచ్చు. దిగేటప్పుడు అదే కర్ర మోకాళ్లని కాపాడుతుంది. ఒక వస్తువు, రెండు పనులు. కర్ర ఇంటి నుంచే తెచ్చుకోండి, రిజర్వ్ లోపల వెదురు విరిస్తే అది ఇంకో కేసు.

జూమ్ యుద్ధంలో ఓడిపోయేది మన డబ్బే

ఇక అసలు గొడవ. "నా అల్ట్రాలో 100ఎక్స్ జూమ్ ఉంది, కెమెరా ఎందుకు?"

లెక్క వేద్దాం. నల్లమలలో దుప్పిని మీరు చూసే దూరం వంద, నూటయాభై మీటర్లు అనుకోండి. దుప్పి పొడవు ఒకటిన్నర మీటరు. ఫోన్‌లో 5ఎక్స్ లెన్స్ అంటే సుమారు 120 ఎంఎం. 150 మీటర్ల దూరంలో ఆ ఫ్రేమ్ వెడల్పు 45 మీటర్లు. 12 మెగాపిక్సెల్ ఫొటోలో మన దుప్పికి దక్కేది దాదాపు 130 పిక్సెళ్లు. వాట్సాప్ డీపీకి కూడా చాలవు. వివో ఎక్స్300 ప్రోకి విడిగా అమ్మే 2.35ఎక్స్ టెలీకన్వర్టర్ తగిలిస్తే 200 ఎంఎం, అంటే రెండు వందల పైచిలుకు పిక్సెళ్లు. మెరుగే, నేను కాదనను. ఫోన్ కంపెనీలు ఇన్నాళ్లకి గాజు పెడితే గానీ పని జరగదని ఒప్పుకున్నాయి, అందుకు సంతోషం. ఇప్పుడు కెనాన్ ఆర్10 బాడీకి ఆర్ఎఫ్ 100-400 లెన్స్ పెట్టండి. 640 ఎంఎంతో సమానం. అదే దుప్పికి వెయ్యి పిక్సెళ్లు పైనే. బరువు 429 ప్లస్ 635, మొత్తం 1,064 గ్రాములు. సెకండ్ హ్యాండ్‌లో వెతికితే అల్ట్రా ఫోన్ కొత్త ధరకి చాలా దిగువనే వస్తుంది.

100ఎక్స్‌లో కనిపించే వివరాల సంగతి? 2023లో శాంసంగ్ చంద్రుడి ఫొటోల గొడవ గుర్తుంది కదా. మసక చంద్రుణ్ణి చూపించినా ఫోన్ గుంతలు గీసి ఇచ్చిందని. చంద్రుడైతే ఒక్కడే, ఎప్పుడూ ఒకే మొహం, కాబట్టి ఏఐ గీసినా పెద్దగా తేడా రాదు. దుప్పి ఒంటి మీద చుక్కలు అలా కాదు, ఒక్కోదానికి ఒక్కో రకం. 130 పిక్సెళ్లలోంచి ఏఐ తీసిన చుక్కలు ఆ జంతువువి కావు, ట్రైనింగ్ డేటావి. అందంగా ఉంటుంది, ఇన్‌స్టాలో లైకులొస్తాయి. కానీ మీరు చూసిన దుప్పి అది కాదు.

రెండో వైపు కూడా అతి ఉంది. నికాన్ పీ1000 కొనేవాళ్లు 3000 ఎంఎం చూసి కొంటారు. 1,415 గ్రాములు, సెన్సర్ చూస్తే ఫోన్ సైజే. ఎండలో పక్షికి అద్భుతం. జింకలు బాగా తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం వెలుగు పోతున్నప్పుడు. అప్పుడు ఆ చిన్న సెన్సర్, ఎఫ్/8 కలిసి ఫొటోని పిండి చేస్తాయి. నేను చెప్పిన 100-400 కూడా చివర్లో ఎఫ్/8నే, కానీ సెన్సర్ పెద్దది కాబట్టి గ్రెయిన్ ఉన్నా జంతువు మిగులుతుంది. సాయంత్రం ఆరు దాటాక మాత్రం దానితోనూ ఫొటో ఆశించకండి. రెండు కిలోల పైన లెన్సులున్నవాళ్లకి ఆ పావుగంట ఎక్కువ దొరుకుతుంది. ఆ పావుగంట కోసం రోజంతా కిలోన్నర ఎక్కువ మోయాలా? సఫారీ జీప్‌లో కూర్చునేవాళ్లయితే మోయండి, జీప్‌కి మోకాళ్లు లేవు. నడిచేవాళ్లకి వద్దంటాను.

అందరూ వదిలేసే గ్యాడ్జెట్

ముప్పై వేలు బడ్జెట్ ఉంటే నేను కెమెరా కూడా కొనను. బైనాక్యులర్ కొంటాను.

నవ్వకండి. పర్వత వేటగాళ్ల వీడియోల్లో తొంభై శాతం టైం వాళ్లు చేసేది నడవడం కాదు, కాల్చడం అసలే కాదు. ఒక రాయి మీద కూర్చుని ఎదుటి కొండని బైనాక్యులర్‌తో గీత గీతగా, ప్రింటర్ హెడ్ కదిలినట్టు చూడటం. కళ్లతో నడిస్తే కాళ్లకి పని తగ్గుతుంది. ఇంతకంటే మంచి వెయిట్ ఆప్టిమైజేషన్ ఏముంది? 460 గ్రాముల వస్తువు మూడు కిలోమీటర్ల నడక మిగులుస్తుంది. చార్జింగ్ లేదు, అప్‌డేట్ లేదు, ఐదేళ్ల తర్వాత స్లో అవ్వదు. బహుశా అందుకే మన సైట్లలో దీని రివ్యూలు రావు, ఏటా కొత్త మోడల్ ఉండదు కదా.

కొనేటప్పుడు 8×32 లాంటి రెండు నంబర్లు చూస్తారు. మొదటిది ఎన్ని రెట్లు, రెండోది ముందు లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది కంటికి చేరే వెలుగు వలయం సైజు. 8×42కి 5.25, 8×32కి 4, జేబులో పట్టే 8×25కి 3.1. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, కాబట్టి నంబర్ పెద్దదైతే సంధ్య వేళ స్పష్టంగా కనిపిస్తుంది. కానీ 8×42 అంటే 650 నుంచి 800 గ్రాములు. 8×25 తేలికే గానీ సాయంత్రానికి చేతులెత్తేస్తుంది. అందుకే నా ఓటు 8×32 లేదా 8×30కి. పదిహేను వేల లోపు బాగానే దొరుకుతాయి. 10 రెట్లు ఎందుకొద్దంటే, కొండెక్కి ఆయాసపడుతున్నప్పుడు గుండె కొట్టుకునే ప్రతిసారీ బొమ్మ ఊగుతుంది. ఎనిమిది రెట్లకి ఆ ఊపు కాస్త తక్కువ. ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి "50×50 మిలిటరీ" అని అమ్మే బొమ్మల జోలికి మాత్రం వెళ్లకండి, ఆ నంబర్లకి అర్థమే లేదు.

కళ్ల తర్వాత చెవులు. కొండముచ్చులు చెట్ల మీద పళ్లు, ఆకులు తింటూ కింద పడేస్తుంటే దుప్పులు ఆ చెట్టు కిందే మేస్తుంటాయి. పైనుంచి కోతి పులిని చూసి అరుస్తుంది, కింద దుప్పి వాసన పట్టి కూత పెడుతుంది. ఇద్దరిదీ ఒకే అలారం సిస్టమ్. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని నడిచేవాడికి ఈ నోటిఫికేషన్ ఎప్పటికీ రాదు.

రంగు, చప్పుడు

ఇది సరదా విషయం, కానీ నిజం. జింకల కంట్లో రంగు చూసే కణాలు రెండు రకాలే. ఎరుపు, నారింజ వాటికి సరిగ్గా తెలియవు, నీలం మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అందుకే అమెరికా వేటగాళ్లు మెరిసే నారింజ జాకెట్ వేసుకుని కూడా జింకలకి దొరకరు. మనం ఏం వేసుకుంటాం? నీలం జీన్స్. జింక దృష్టిలో అది మెరిసే బోర్డు లాంటిది. ఖాకీ, మట్టి రంగు, ఆకుపచ్చ కాటన్ చాలు. మిలిటరీ కమోఫ్లేజ్ వద్దు. నల్లమల ఒకప్పుడు నక్సలైట్లు, గ్రేహౌండ్స్ తిరిగిన అడవి, ఆ డ్రెస్‌లో కనిపిస్తే చెక్‌పోస్ట్‌లో మీ టైం పోతుంది. చరచరమనే నైలాన్ జాకెట్, వెల్‌క్రో పౌచ్‌లు, ఫోన్ షట్టర్ సౌండ్, ఇవన్నీ ఇంట్లోనే సరిచేసుకోండి. మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే చప్పుడు సున్నా.

పవర్, సిగ్నల్

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 37 వాట్ అవర్లు. నష్టాలు పోను 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని ఒకటిన్నర సార్లు నింపుతుంది. ఒక పగలు ట్రెక్‌కి ఇదే ఎక్కువ. 20,000ది ఇంట్లో పెట్టండి. అడవిలో బ్యాటరీ తినేది స్క్రీన్ కంటే సిగ్నల్ వెతుకులాట. ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి, జీపీఎస్ దానితో సంబంధం లేకుండా పనిచేస్తుంది. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓఎస్ఎంఆండ్ గానీ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మన్ననూర్ దాటాక గుర్తొస్తే లాభం లేదు.

వేటగాళ్ల లిస్ట్‌లో తప్పకుండా ఉండే శాటిలైట్ మెసెంజర్ మాత్రం మనకి వద్దు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, కమ్యూనికేటర్ వెంట ఉంచుకోవడమే నేరం. తెలియక తెచ్చిన విదేశీ ట్రెక్కర్లు ఎయిర్‌పోర్టుల్లోనే ఇరుక్కున్నారు. ఐఫోన్ శాటిలైట్ ఎస్ఓఎస్ ఇక్కడ పనిచేయదు. కాబట్టి మన సేఫ్టీ ప్లాన్ పాత పద్ధతే: గైడ్‌తో వెళ్లడం, ఎప్పుడు తిరిగొస్తామో బయట ఒకరికి చెప్పడం, సాయంత్రానికి బయటపడటం. శ్రీశైలం రోడ్డులో రిజర్వ్ భాగం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఇది మనుషుల కోసం కాదు, రోడ్డు దాటే జంతువుల కోసం.

థర్మల్ మోనాక్యులర్ గురించి నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. 300 గ్రాముల్లో వస్తుంది, టెక్ పరంగా అద్భుతమే. కానీ రాత్రి అడవిలోకి మనకి ప్రవేశమే లేనప్పుడు దానితో ఏం చూస్తారు? ఆ పరికరం అసలు అవసరం గస్తీ తిరిగే అటవీ సిబ్బందిది, రెండోది దొంగ వేటగాళ్లది. మధ్యలో మనకి చోటు లేదు. వేల ల్యూమెన్ల టార్చ్ కూడా అంతే. కళ్లలో లైటు పడితే జింక కదలకుండా నిలబడిపోతుంది, దొంగ వేటగాళ్లు వాడే ట్రిక్ అదే. వీడియో కోసం అదే పని చేస్తే జింకకి తేడా తెలీదు. 50 గ్రాముల హెడ్‌టార్చ్, ఎర్ర లైటు మోడ్‌తో, ఆలస్యమైనప్పుడు దారి చూడటానికి చాలు.

అన్నిటికంటే బరువైనది

ఇప్పుడు నా షీట్. కెమెరా, లెన్స్ 1,064. బైనాక్యులర్ 460. కర్ర 230. పవర్ బ్యాంక్ 200. 25 లీటర్ల బ్యాగ్ 650. నీళ్ల బ్లాడర్ 170. టార్చ్ 50. మందులు, కట్టు గుడ్డ 150. వాన జాకెట్ 250. మొత్తం 3,224 గ్రాములు. దానికి మూడున్నర లీటర్ల నీళ్లు కలిపితే 6.7 కిలోలు. పైన చెప్పిన రూమ్‌మేట్ బ్యాగ్, ఒకే ఒక్క లీటరు నీళ్లతో, 7.2 ఉంది.

నేను ఈ లెక్కంతా చెప్పింది దీనికోసమే. అల్ట్రాలైట్ సిద్ధాంతం అమెరికాలో పుట్టింది. అక్కడ తిండి, నీళ్లు, ఇంధనం లెక్కలోకి తీసుకోకుండా మిగతా బ్యాగ్ 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోల లోపు ఉండాలంటారు. వాళ్లకి ప్రతి లోయలో మంచు కరిగిన వాగు ఉంటుంది, ఫిల్టర్ పెట్టి తాగేస్తారు. వాళ్ల వేటగాళ్లు బరువు తగ్గించుకునేది వచ్చేటప్పుడు మాంసం మోయాలి కాబట్టి. మనకి మాంసం లేదు, వాగూ లేదు. ఎండాకాలం నల్లమలలో వాగులు ఎండిపోతాయి, మిగిలిన నీటి గుంటలు జంతువులవి. మనం తగ్గించే ప్రతి గ్రామూ నీళ్లుగా మారాలి. రెండున్నర కిలోల లెన్స్ మోసి ఒక లీటరుతో వెళ్లినవాడు మధ్యాహ్నానికి నీటి గుంట వైపు చూస్తాడు. సాయంత్రం దుప్పులు వచ్చేది అక్కడికే. అక్కడ మనిషి కూర్చున్నాడని తెలిస్తే అవి రావు, దాహంతో తిరుగుతాయి. మన గేర్ బరువు చివరికి వాటి నెత్తిన పడుతుంది. అమ్రాబాద్‌లో ప్లాస్టిక్ సీసాలకి నిషేధం కూడా ఉంది, కాబట్టి రోడ్డు పక్క కొనుక్కుందాం అనుకోకండి.

ఫొటో తీశాక ఒక సెట్టింగ్ మాత్రం మర్చిపోకండి. కెమెరా యాప్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి, లేదా షేర్ చేసేటప్పుడు తీసేయండి. ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా గ్రూపులో పెడితే అక్షాంశం, రేఖాంశం, టైం అన్నీ దానితో వెళ్తాయి. కణుజు గుంపు ఫలానా గుంట దగ్గరికి ఫలానా టైంకి వస్తుందని చెప్పడానికి ఉచ్చు వేసేవాడికి అంతకంటే ఏం కావాలి? "అమ్రాబాద్‌లో తీశాను" చాలు, అంతకంటే జూమ్ చేయక్కర్లేదు.

మన సైట్లకి కూడా ఒక కంప్లైంట్. రిజర్వ్‌లలో బీట్ సిబ్బంది 2010లో వచ్చిన ఎం-స్ట్రైప్స్ పద్ధతిలో ఫోన్ యాప్‌తో గస్తీ దారి రికార్డు చేస్తారు. రోజంతా జీపీఎస్ ఆన్, నెత్తిన ఎండ, చెమట చేతులు, సిగ్నల్ లేదు. ఇంతకంటే కఠినమైన ఫోన్ టెస్ట్ ఈ రాష్ట్రంలో ఇంకోటి ఉండదు. పదిహేను వేల లోపు ఫోన్లలో పన్నెండు గంటల జీపీఎస్ ట్రాకింగ్‌కి ఏది నిలబడుతుందో, ఎండలో ఏ స్క్రీన్ కనిపిస్తుందో, చెంచు వాచర్ జేబులో ఏది బతుకుతుందో మనలో ఎవరూ టెస్ట్ చేసి రాయలేదు. గేమింగ్‌లో ఎన్ని ఫ్రేములొస్తాయో మాత్రం దశాంశాలతో సహా రాస్తాం.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ మూసి ఉంటుంది. కొనాలనుకునేవాళ్లు ఈలోపు షూ, బైనాక్యులర్ కొని నర్సాపూర్‌లో పక్షుల మీద చెయ్యి తిప్పుకోండి, షూ కూడా కాలికి అలవాటవుతుంది. అక్టోబర్‌లో మన్ననూర్ నుంచి అటవీశాఖ వాళ్ల సఫారీ, ట్రెక్ బుక్ చేసుకోవచ్చు. కెమెరా డబ్బులు ఆ తర్వాత చూసుకోండి, మొదటి ట్రిప్‌కి అది లేకపోయినా ఏం కాదు. నీళ్లు మాత్రం మూడున్నర లీటర్లకి తగ్గొద్దు.